అచ్చం అలాగే

"అచ్చం అలాగే ఉంటుందండీ! కళ్ళకి గంతలు కట్టి ఆడించినా తేడా కనిపెట్టలేరు," అన్నాడతను గర్వంగా.

"కళ్ళకి గంతలు కడితే ఎవరూ ఏదీ కనిపెట్టలేరు లెండి," అందామె.

చుట్టూ ఉన్నవాళ్ళు గొల్లుమన్నారు. అతను కూడా నవ్వేసి ఊరుకుందామని తలెత్తాడు కానీ, నవ్వు సగంలోనే ఆగిపోయింది. అప్పుడే ఆమెని సరిగ్గా చూశాడు మరి. జుట్టు ముడిలో పెన్సిలుకి బదులు చిన్న స్క్రూడ్రైవరు గుచ్చుకుని, చేతిలో ఎప్పటిదో పాత వీడియోగేము కన్సోల్ పట్టుకుని నిలబడి ఉంది.

ఫోటో స్టూడియో పైనున్న హాల్లో నెలకోసారి పాత గేములు సేకరించేవాళ్ళంతా కలుస్తుంటారు. బల్లల నిండా కన్సోళ్ళు, గేములు దాచిన క్యాట్రిడ్జీలు, తీగలు మెలిపడ్డ జాయ్‌స్టిక్కులు. వచ్చినవాళ్ళంతా పెళ్ళిలో నగలు చూసినట్టు ఒకరి సామాను ఒకరు తిప్పి తిప్పి చూస్తారు. అంతమంది మధ్యలో అతనొక్కడే ఒక్క లాప్‌టాప్ చంకన పెట్టుకుని దిగాడు. అతనిది లిఫ్టులు తయారుచేసే కంపెనీలో ప్రోగ్రాములు రాసే ఉద్యోగం. సాయంత్రాలు మాత్రం ఎమ్యులేటర్లు రాస్తాడు. అంటే పాత యంత్రం ఎలా ఆలోచించేదో, ఎక్కడ తడబడేదో అంతా ప్రోగ్రాంగా రాసిపెడతాడన్నమాట. దాంతో కొత్త కంప్యూటర్ కాసేపు తనని తాను ఆ పాత యంత్రమే అనుకుంటుంది.

"ఒక్క మాట అడగనా?" అందామె. "అచ్చం అలాగే ఉందన్నామంటే, అది కాదని మనమే ఒప్పుకున్నట్టు కదా? మీ అమ్మగారిని చూసి, అచ్చం మీ అమ్మలాగే ఉందే అని ఎవరైనా అంటారా?"

ఇంటికి వెళ్ళాక అతనికి మంచి మంచి జవాబులు తట్టాయి గానీ, వాటివల్ల ఏం లాభం?

ఈ పాత గేముల సంఘానికి ప్రెసిడెంటు ఒక పళ్ళ డాక్టరు గారు. మనుషులకి పేర్లు తగిలించడంలో ఆయన చెయ్యి తిరిగినవాడు. ఆమెని అప్పటికే 'ఒరిజినల్' అని పిలుస్తున్నాడు. ఆ రోజునుంచి ఇతను 'డూప్లికేట్' అయిపోయాడు.

ఆ తరవాత ప్రతి నెలా ఇదే గొడవ. డిస్క్ మేలా, క్యాట్రిడ్జీ మేలా? ఆ కంపెనీ కన్సోల్‌లో రంగులు బావుంటాయా, ఈ కంపెనీ కన్సోల్‌లో సంగీతం బావుంటుందా? ఏ ప్రశ్న మొదలుపెట్టినా చివరికి వాళ్ళిద్దరి దగ్గరికే వచ్చి ఆగేది.

"బటన్ నొక్కితే మీ దాంట్లో మనిషి ఆలోచించుకుని ఎగురుతున్నాడండీ డూప్లికేట్ గారూ."

"మీ దాంట్లో అసలు ఎగరాలంటే ముందు క్యాట్రిడ్జీ తీసి దుమ్ము పోయేలా ఉఫ్ అని ఊదాలిగా?"

"ఊదకూడదు! నోటి తడికి పిన్నులు తుప్పుపడతాయి. ఆ మాత్రం తెలీదా?"

నిజానికి అతనికి ఆ మాత్రం తెలుసు. ఆమె కసిరితే వినాలని ఊదుతానన్నాడు, అంతే.

ఆమె ఉద్యోగం వినికిడి యంత్రాలు బాగుచేయడం. గోరంత పరికరాలతో పొద్దంతా మెలిగిన చేతులవి. మూగబోయిన కన్సోల్ ఏదైనా ఆమె బల్ల మీదికొస్తే, మూత విప్పి ముందు కాసేపు ఊరికే చూసేది. జబ్బు కనుక్కున్నాక పెదవి చివర చిన్న నవ్వు వచ్చేది. ఆ నవ్వు కోసం అతను రెండు బల్లల అవతల్నుంచి కాచుకుని కూర్చునేవాడు. ఆమె అంటే ఎంత గౌరవమో, ఆ చేతులంటే అంత ముచ్చట అతనికి. పైకి చెప్తే ఓడిపోయినట్టు అవుతుందని మాత్రం భయం.

ఒకసారి ఆమే వచ్చి అతని లాప్‌టాప్ ముందు కూర్చుంది. ఏదో అంతరిక్ష యుద్ధం ఆడుతోంది. శత్రువులు గుంపుగా రాగానే తెర నత్తనడక పట్టింది.

"ఇక్కడ ఒరిజినల్ కూడా ఇలాగే నెమ్మదిస్తుంది," అంది ఆశ్చర్యంగా. "మీ కంప్యూటర్‌కి ఆ అవసరం లేదుగా? తీసెయ్యొచ్చుగా?"

"తియ్యొచ్చు. కానీ పాపం అది అలసిపోయేది ఇక్కడేనండీ. ఆ అలసట తీసేస్తే అది, అది కాదు."

ఆమె అతని వంక చూసింది. అలా ఎప్పుడూ చూడలేదు. అతనికి వెంటనే మంచినీళ్ళు అవసరమయ్యాయి.

మరుసటి నెల ఆమె ఒక క్యాసెట్ తెచ్చింది. పాటలు వినే మామూలు క్యాసెట్టే. అప్పట్లో ఇళ్ళల్లో వాడే కంప్యూటర్లకి ప్రోగ్రాములు ఇలాంటి వాటిమీదే దాచుకునేవారు.

"ఇందులో మా అమ్మ రాసిన గేముంది," అంది. "పెళ్ళికి ముందు రాసింది. తరవాత లెక్కల టీచరు అయింది, ఇల్లయింది, నేనయ్యాను. మళ్ళీ రాయలేదు. ఆవిడ జీవితం మొత్తంలో తన సొంతానికి చేసుకున్నది ఇదొక్కటే. ఇన్నేళ్ళూ అటకమీద పడుంది. టేప్ ముడతలన్నీ నేనే సరిచేశాను, బూజు తుడిచాను. అమ్మ కంప్యూటర్ కూడా బాగుచేశాను. మన సంఘం ఎగ్జిబిషన్‌లో పెట్టి, కింద అమ్మ పేరు రాయాలని నా కోరిక."

పళ్ళ డాక్టరు గారు చేతులు రుద్దుకున్నాడు. "ఇంకేం! పందెం పెడదాం. ఒక తెరమీద ఒరిజినల్, పక్కన డూప్లికేట్. రాసినావిడే జడ్జి. ఏది తన ఆటలా ఉందో ఆవిడే చెప్తుంది."

పందెం రోజున ఆవిడ హాలుకి వచ్చింది. చేతిసంచి ఒళ్ళో పెట్టుకుని, పరీక్ష హాల్లో కాపలా కూర్చున్నట్టు బుద్ధిగా కూర్చుంది. రెండు తెరలూ ఒకేసారి వెలిగాయి. ఒకటి కూతురు బాగుచేసి హాల్లోని టీవీకి తగిలించిన అసలు కంప్యూటర్‌ది, రెండోది అదే టేప్ ఎక్కించిన అతని లాప్‌టాప్‌ది. రెండింటిలోనూ పెంకుల మీదినించి ఒక పిల్లి చందమామ వైపు నడుస్తోంది. గీతకి గీత, చుక్కకి చుక్క, అచ్చం ఒకేలా ఉన్నాయి. హాలంతా ఆవిడ నోటివంక చూసింది.

ఆవిడ మొదటి తెర చూసింది. రెండోది చూసింది. కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూసింది.

"ఇది నాది కాదమ్మా," అంది మెల్లిగా.

"అదేంటమ్మా? నీ క్యాసెట్టే!"

"నా పిల్లి రాత్రిపూట తిరుగుతుందే. ఇదేంటి పట్టపగల్లా ఉంది? చందమామ సున్నం కొట్టినట్టుంది. పెంకులేమో గులాబీ రంగు! నేనెందుకు వేస్తాను గులాబీ రంగు పెంకులు?" అని, కూతురి ముఖం చూసి తగ్గింది. "పోనీలే తల్లీ. పాతబడి పాడైపోయుంటుంది. నువ్వు ఇంత కష్టపడ్డావు, నాకదే చాలు."

అందరూ సర్దుకుంటున్నప్పుడు కూతురు మెట్లమీద ఒంటరిగా కూర్చుంది. అతను వెళ్ళి రెండు మెట్లు కిందగా నిలబడ్డాడు.

"నేనే పాడుచేశాను," అందామె. "ఆ టేప్ ముట్టుకోకుండా ఉండాల్సింది. ఉన్న ఒక్కటీ నా చేతులారా చెరిపేశాను."

"కాదండీ. ఆ టేప్‌లో ఒక్క అక్షరం చెడినా కంప్యూటర్ లోపలికి రానివ్వదు. లోడయిందంటే మీ అమ్మగారు రాసింది రాసినట్టు ఉన్నట్టే."

"ఓదార్చడానికి చెప్పకండి."

"ఓదార్పు కాదు, లెక్క."

"మరి అమ్మ అబద్ధం చెప్తుందా?"

ఆమె కొంగుతో కళ్ళు తుడుచుకుని వెళ్ళిపోయింది. ఆవిడ అబద్ధం చెప్పదు. టేపూ అబద్ధం చెప్పదు. మధ్యలో ఇంకేదో ఉంది. ఆ వారమంతా అతను లిఫ్టులకి రాసిన ప్రోగ్రాముల్లో తప్పులే ఎక్కువ. పైకి వెళ్ళమంటే కిందికి దిగిన లిఫ్టు గురించి ఆఫీసులో ఇప్పటికీ కథలుగా చెప్పుకుంటారు.

ఆదివారం మధ్యాహ్నం జోరున వాన. అతను లాప్‌టాప్‌ని రెండు ప్లాస్టిక్ సంచుల్లో చుట్టి, తను మాత్రం నిలువెల్లా తడిసి వాళ్ళ తలుపు తట్టాడు. తలుపు తీసింది ఆమె తండ్రి. బజార్లో టీవీలు బాగుచేసే కొట్టు ఆయనది. కొట్టు వదిలి రాలేక పందెం నాడు హాలుకి రాలేదు.

"అంకుల్, ఒక్క విషయం. ఆంటీ ఆ గేము రాసినప్పుడు కంప్యూటర్‌కి ఏ టీవీ తగిలించేవారు?"

ఆయన ముఖంలో రంగులు మారాయి. లోపలికోసారి తొంగిచూసి, అతన్ని వరండా చివరికి లాక్కెళ్ళాడు.

"ఎందుకు బాబూ ఇప్పుడా టీవీ గొడవ? ఎప్పుడో పాతసామానుకి పోయింది."

"అందులో రంగులు సరిగ్గా వచ్చేవా?"

ఆయన దొంగకి తేలు కుట్టినట్టు మొహం పెట్టాడు. "నీలం వచ్చేది కాదు," అన్నాడు చివరికి. "దాన్ని బాగుచెయ్యడానికే వాళ్ళింటికి మొదటిసారి వెళ్ళాను. మీ ఆంటీ అక్కడ కూర్చుని పిల్లిని నడిపిస్తోంది. ఒక్క చిన్న ట్రాన్సిస్టర్ మారిస్తే అయిపోయేది. కానీ బాగైపోతే మళ్ళీ వెళ్ళడానికి సాకేదీ? పార్టు దొరకలేదు, వచ్చే వారం వస్తానన్నాను. ఆ మాట చాలా వారాలు అన్నాను. గట్టిగా అనకు, ఆవిడకి ఈ సంగతి తెలీదు."

అతను ఆయన్ని కావలించుకున్నంత పనిచేశాడు. టీవీ రంగులన్నీ ఎరుపు, ఆకుపచ్చ, నీలాల కలయికే. నీలం చచ్చిపోయిన టీవీలో నీలి ఆకాశం నల్లగా కనిపిస్తుంది. తెల్ల చందమామ పసుపుపచ్చగా మారుతుంది. గులాబీ పెంకులు ఎర్రబడతాయి. కంటికి ఏది రాత్రిలా కనిపిస్తే ఆ రంగే వేసుకుంటూ పోయింది అప్పుడు గేము రాసిన ఆ అమ్మాయి. యంత్రం సరిగ్గానే ఉంది. దానికి తోడున్న టీవీ లోపాన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు.

వరండాలోనే కూర్చుని, నీలాన్ని తీసేస్తూ ప్రోగ్రాంలో నాలుగు వరుసలు రాశాడు. జుట్టులోంచి నీళ్ళు కీబోర్డ్ మీద పడుతుంటే తండ్రి తువ్వాలు పట్టుకుని నిలబడ్డాడు. అలికిడికి కూతురు బయటికొచ్చింది.

"ఏం చేస్తున్నారు?"

"ఎమ్యులేటర్‌ని పాడుచేస్తున్నాను," అన్నాడు సంతోషంగా. "అమ్మగారిని పిలవండి."

లాప్‌టాప్‌ని ముందుగదిలోకి తెచ్చి పెట్టాడు. తెరమీద రాత్రయింది. ఎర్ర పెంకులు, పచ్చటి చందమామ. పసుపుపచ్చ పిల్లి తోక ఊపుతూ నిలబడింది.

ఆవిడ చూసింది. కళ్ళజోడు తుడుచుకోలేదు. పక్కన కూర్చుని, ఎవరూ చెప్పకుండానే రెండు కీల మీద రెండు వేళ్ళు పెట్టి పిల్లిని నడిపించింది. పెంకులు దాటించింది, గోడ ఎక్కించింది, కుక్క ఉన్నచోట కుక్క కనపడకముందే ఎగిరించింది. చందమామ దగ్గరికి చేరాక కీలు వదిలేసి, కొంగు నోటికి అడ్డంపెట్టుకుంది.

"ఇదే నా పిల్లి," అంది. "ఇదే. ఎక్కడ దొరికింది బాబూ?"

"మీ అమ్మాయి టేప్ శుభ్రం చెయ్యకపోతే దొరికేది కాదాంటీ. ఉన్నదంతా అందులోనే ఉంది. నేను చేసింది... ఆ టీవీలో నీలం రాదని తెలిశాక..." అంటూ నాలిక్కరుచుకున్నాడు.

తండ్రి గోడమీద బల్లిని తీక్షణంగా పరిశీలిస్తున్నాడు.

"ఓ, టీవీవల్లా!" అంది ఆవిడ. "నాకు తట్టనేలేదు చూడు. దాని పార్టు ఈయన సంచిలోనే ఉండేది."

బల్లి సంగతి మర్చిపోయి ఆయన గిరుక్కున తిరిగాడు. "నీకెలా తెలుసు?"

"మీరు కాఫీ తాగుతుంటే సంచి తెరిచి చూశానుగా."

"మరి ఇన్నేళ్ళూ అడగలేదేం?"

"అడిగితే బాగుచేసి వెళ్ళిపోరూ?"

పెళ్ళయిన ఇన్నేళ్ళ తరవాత ఆయన అంతలా సిగ్గుపడటం ఆ ఇంట్లో ఎవరూ చూడలేదు. అతనూ కూతురూ నవ్వు ఆపుకోలేక, లాప్‌టాప్‌తో సహా వరండాలోకి వచ్చేశారు.

వాన ఇంకా పడుతూనే ఉంది. ఆమె నవ్వు ఆపి, చూరు నీళ్ళకేసి చూస్తూ అంది: "అలాంటి టీవీ ఎక్కడ వెతికినా నాకు దొరికేది కాదు. ఎంత ఒరిజినల్ సామానున్నా అమ్మకి ఆ రాత్రి తెచ్చివ్వలేకపోయేదాన్ని. మీరు తెచ్చారు."

"మీ చేతులు లేకపోతే నా దగ్గర ఏముందండీ? ఖాళీ తెర."

"డూప్లికేట్ గారు నన్ను పొగుడుతున్నారా?"

"మొదటిరోజు నుంచీ పొగుడుతూనే ఉన్నాను, లోపల్లోపల. మీరంటే నాకు చాలా ఇష్టం. గంతల మాట అన్నారు చూశారూ, అప్పట్నించీ."

ఆమె జుట్టులోంచి స్క్రూడ్రైవరు తీసి, చేతిలో అటూ ఇటూ తిప్పి, మళ్ళీ అక్కడే గుచ్చుకుంది.

"నాకు మీ మీద ఇష్టం వచ్చింది ఆ అలసట మాట దగ్గర," అంది. "చెప్తే ఓడిపోయినట్టవుతుందని చెప్పలేదు."

అతను ఇక వెళ్ళాలన్న సంగతి గుర్తొచ్చి లాప్‌టాప్ సంచుల్లో చుట్టడం మొదలుపెట్టాడు. ఎంత నెమ్మదిగా చుట్టగలడో అంత నెమ్మదిగా చుట్టాడు.

"ఇంకా పని మిగిలుందండీ. పాత టీవీ కదా, అంచుల దగ్గర బొమ్మ కాస్త వంగాలి. గీతలు పడాలి. వచ్చే ఆదివారం మళ్ళీ రావాల్సి ఉంటుంది."

"ఎన్ని ఆదివారాలు పడుతుందేమిటి?"

"ఇప్పుడే చెప్పలేను."

లోపల్నించి తల్లి గొంతు వినిపించింది. "ఆ వానలో ఎక్కడికే వెళ్ళేది? లోపలికి రమ్మను! బాగుచెయ్యడానికని వచ్చిన మీ నాన్నే ఇంకా వెళ్ళలేదు."