అంచుల దగ్గర మిగిలిన జిడ్డు

తెల్లవారుజామున ఐదున్నరకు శోభ షట్టర్ సగం పైకెత్తి షెడ్డులోకి వంగి వెళ్ళింది. గోదావరిఖనిలో తమ ఇంటి ముందున్న ఖాళీ జాగాలో రేకులు వేసి కట్టిన ఆ షెడ్డులోనే ఆమె భర్త సంపత్ కార్లకు పాలిష్ పట్టి, పైన నీళ్ళు, దుమ్ము నిలవనివ్వని సిరామిక్ కోటింగ్ వేస్తాడు. బొగ్గు దుమ్ము పడని కారు ఆ ఊళ్ళో ఉండదు కాబట్టి పనికి కొదవ లేదు.

లోపల ఒక తెల్ల కారు నిలబడి ఉంది. నిన్న సంపత్ మిషన్‌తో దానికి పాలిష్ చేశాడు. తర్వాత మామ ముత్యం స్పిరిట్ చల్లి, మెత్తటి గుడ్డతో కారంతా తుడిచాడు. పాలిష్‌లోని నూనె పెయింటు మీద కంటికి ఆనని పొరలా మిగిలిపోతుంది. అది పూర్తిగా పోతేనే కోటింగ్ పెయింటును పట్టుకుంటుంది. అందుకే తుడుపే అసలు పని అంటాడు సంపత్. ఆ పని తండ్రికి అప్పగించి రెండేళ్ళయింది.

శోభ టార్చి వెలిగించి వాలుగా పట్టింది. తలుపు మధ్యలో ఏ మచ్చా లేదు. ఎడమ అంచున మాత్రం సన్నటి జిడ్డు చారలు మెరిశాయి. హ్యాండిల్ సందులో తెల్లటి పాలిష్ పొడి అలాగే ఉంది. ఆమె స్పిరిట్ చల్లి ఒక గుడ్డతో తుడిచి, పొడి గుడ్డతో మళ్ళీ తుడిచింది. ఒక్కో అంచూ వెతుక్కుంటూ కారు చుట్టూ తిరిగింది. సంపత్ లేచేసరికి గుడ్డలు నానబెట్టి, వంటింట్లో టీ మరిగిస్తోంది.

ఎనిమిది నెలలుగా ఇదే వరస. అంతకు ముందు ఒకరోజు మామ ఎడమ చేతి పక్కన టీ గ్లాసు పెడితే ఆయన దానికోసం చాలాసేపు తడుముకున్నాడు. ఆమెకు అనుమానం వచ్చింది.

"మామా, కండ్లు ఒకసారి చూపిచ్చుకుందామా?" అని అడిగింది.

ముత్యం ముఖం వాడిపోయింది. "నా కండ్లకేమైంది బిడ్డా? మంచిగనే ఉన్నయ్. సంపత్‌కు చెప్పకు. ఉత్తగనే ఫికర్ చేస్తడు" అన్నాడు.

ముప్పై నాలుగేళ్ళు భూమి లోపల బొగ్గు తీసిన మనిషి ఆయన. రిటైరైన ఆరు నెలలకే భార్య పోయింది. ఆ తర్వాత ఏడాదిపాటు మంచం మీద గోడ వైపు తిరిగి పడుకునేవాడు. అన్నం పెడితే తినేవాడు, లేకపోతే లేదు. షెడ్డు మొదలైనప్పుడు సంపత్ ఊరికే, "బాపు, జర తుడిచి పెడ్తవా?" అన్నాడు. మర్నాటి నుంచి ముత్యం పొద్దున్నే గడ్డం గీసుకొని, ఖాకీ చొక్కా వేసుకొని, సరిగ్గా ఎనిమిదికి షెడ్డులో ఉండేవాడు. మళ్ళీ తానే అడిగి అన్నం పెట్టించుకొని తినసాగాడు. ఆ మనిషి చేతిలోంచి గుడ్డ లాక్కోవడానికి శోభకు మనసొప్పలేదు. నోరు మూసుకొని పొద్దున్నే లేవడం అలవాటు చేసుకుంది.

తెల్ల కారు పనయిన వారం తర్వాత, శోభ పుట్టిల్లు కాసిపేట నుంచి ఫోన్ వచ్చింది. శోభ తల్లి బాత్రూములో జారిపడి తుంటి విరగ్గొట్టుకుంది. శోభ ఉన్నపళంగా బస్సెక్కింది. దవాఖానలో నాలుగు రోజులు తల్లి పక్కనే ఉంది. ఆపరేషన్ హడావిడిలో షెడ్డు సంగతి ఒక్కసారే గుర్తొచ్చింది. ఫోన్ చేసి ఏమని చెప్పాలో తెలియక ఊరుకుంది.

ఆమె తిరిగొచ్చిన మూడు వారాలకు, ఒక శనివారం పొద్దున, సెంటినరీ కాలనీ నుంచి దయాసాగర్ వచ్చాడు. బొగ్గు కంపెనీ ఆఫీసులో క్లర్కు. శోభ కాసిపేటలో ఉన్నప్పుడే అతని నల్ల కారుకు కోటింగ్ వేశారు. కూతురి పెళ్ళికి కారు కొత్తదానిలా కనబడాలని ముచ్చటపడి చేయించుకున్నాడు.

"సంపత్, జర నీళ్ళు పొయ్యి" అన్నాడు కారు దిగుతూనే.

సంపత్ బానెట్ మీద చెంబెడు నీళ్ళు కుమ్మరించాడు. మధ్యలో నీళ్ళు గుండ్రటి పూసలై జారిపోయాయి. ఎడమ అంచు పొడవునా మాత్రం ముద్దగా పరుచుకొని నిలిచిపోయాయి. ఎడమ తలుపుల మీద కూడా అంతే. నల్ల రంగు మీద ఆ మచ్చలు దూరం నుంచే కనబడుతున్నాయి.

"మూడేండ్లు ఉంటదంటివి. మూడు వారాలకే గిట్లయిందేంది? నిన్ను చూసి మా ఆఫీసుల నలుగురికి చెప్పిన నేను. ఇప్పుడు వాళ్ళకు నా మొఖం ఎట్ల చూపియ్యాలె?" అన్నాడు దయాసాగర్.

సంపత్‌కు తల కొట్టేసినట్టయింది. చుట్టూ చూశాడు. తీగ మీద గుడ్డలు ఆరేస్తున్న శోభ కనబడింది.

"ఆ క్లాతులు ఎందుల పిండినవే? బట్టలు మెత్తబడే ఆ వాసన నీళ్ళు పోయొద్దని ఎన్నిసార్లు చెప్పిన! ఆ జిడ్డే కారుకు అంటింది."

శోభ ఒక్క క్షణం వరండా వైపు చూసింది. ముత్యం అక్కడ కుర్చీలో కూర్చొని పొడి గుడ్డలు మడతపెడుతున్నాడు.

"పోసిన కావొచ్చు. యాది లేదు. నాదే తప్పు" అంది నెమ్మదిగా.

"తప్పంటే అయిపాయెనా? తల్లిగారింటికి పోవాలన్న తొందరల ఎట్లపడితే అట్ల పిండి పారేసి పోయినవ్. పని మీద ధ్యానం లేనోళ్ళు నాకద్దు. రేపటి సంది షెడ్డుల అడుగు పెట్టకు."

శోభ చేతిలోని తడిగుడ్డ అలాగే ఉండిపోయింది. పరాయి మనిషి ముందు ఆ మాట పడ్డందుకు ఆమె చెవులు ఎర్రబడ్డాయి. దయాసాగర్ ఇబ్బందిగా ముఖం తిప్పుకున్నాడు.

ముత్యం కుర్చీలోంచి లేచాడు. గోడను పట్టుకొని మెట్టు దిగి, కారు వైపు నడిచాడు. ఎడమ పక్కనున్న బకెట్టు కాలికి తగిలి బోర్లాపడింది.

"చూసి నడువు బాపు!" అని అలవాటుగా అరిచాడు సంపత్.

"అదేరా. చూడలేకనే."

ముత్యం వంగి, ముఖం బానెట్‌కు ఆనేంత దగ్గరగా పెట్టి ఆ మచ్చల్ని ఒక్కొక్కటే చూశాడు. తర్వాత నిటారుగా నిలబడ్డాడు.

"ఇది క్లాతులతోని అయింది కాదు. నేను తుడిచిన కారు ఇది. నాకు పక్కలు కనబడ్తలేవు సంపత్. బొగ్గు బాయిల టోపీ లైటు పడ్డంత మేర కనబడ్తది సూడు, గట్లనే. మిగిలినదంత చీకటే. ఎడమ దిక్కు ఇంకా ఎక్కువ."

సంపత్ చేతిలోని చెంబు కింద పెట్టి తండ్రి దగ్గరికి వచ్చాడు.

"ఎన్నాళ్ళ సంది?" అన్నాడు.

"ఏడాది కావొచ్చు. చెప్తే ఇంట్ల కూసోమంటవని భయపడ్డ. మళ్ళ ఆ గోడ దిక్కు మొఖం పెట్టి పండుకునుడు నాతోని కాదురా."

సంపత్‌కు ఒకటి అర్థం కాలేదు. "ఏడాది సంది అయితే మిగిలిన కార్లు ఎందుకు చెడలే?"

ముత్యానికీ అది తట్టింది. తన చూపు పాడైనా పని మాత్రం బాగానే ఉందని ఇన్నాళ్ళూ ధైర్యం చెప్పుకున్నాడు. మెల్లగా కోడలి వైపు తిరిగాడు. శోభ తల వంచుకుంది.

"బిడ్డా, నువ్వు మళ్ళ తుడుస్తున్నవా?"

"అంత కాదు మామా. అంచులే. అంచులే ఉంటుండె."

ముత్యం కారు పక్కనున్న స్టూలు కోసం తడిమి కూర్చున్నాడు. అప్పటిదాకా కోపంగా ఉన్న దయాసాగర్ వచ్చి ఆయన భుజం మీద చెయ్యి వేశాడు.

"కారుదేముందన్నా, మళ్ళ చేస్తరు. సంపత్, ముందు జల్ది దవాఖానకు తీస్కపో" అన్నాడు.

ఆ రోజే ముగ్గురూ కరీంనగర్ వెళ్ళారు. డాక్టరమ్మ రకరకాల మిషన్ల ముందు ముత్యాన్ని కూర్చోబెట్టి చూసింది. కంట్లో ఒత్తిడి పెరిగి నరం దెబ్బతిన్నదని చెప్పింది. పోయిన చూపు తిరిగి రాదని, రోజూ పొద్దునా సాయంత్రం చుక్కల మందు వేస్తే మిగిలిన చూపును నిలుపుకోవచ్చని చెప్పింది. కొన్ని నెలల ముందు వచ్చి ఉంటే ఇంకొంచెం మిగిలేదని కూడా అంది.

ఆ చివరి మాటకు శోభ బయటికొచ్చి బెంచీ మీద కూలబడి ఏడ్చింది. "నాకు తెలుసు మామా. తెలిసి కూడా దాచిన. ఆనాడే చెప్పి ఉంటే..."

"చూపిచ్చుకుందామని నువ్వు అడిగితే ఇననోణ్ని నేను. నువ్వెందుకు ఏడ్సుడు?" అని ముత్యం ఆమె తల మీద చెయ్యి పెట్టాడు. "నాకు తెల్వకుండ నా పని నిలబెట్టినవ్. నా బిడ్డ ఉంటే కూడ గంత చేస్తుండెనో లేదో."

సంపత్ ఆ ఇద్దరికీ కాస్త దూరంలో గోడకు ఆనుకొని నిలబడ్డాడు. ఏడాదిగా తండ్రి గడపకు తట్టుకున్నాడు, బకెట్లు తన్నాడు, చెప్పులు తారుమారు వేసుకున్నాడు. ప్రతిసారీ తాను అరిచాడే తప్ప ఎందుకని అడగలేదు. కారు మీద వెంట్రుకంత గీత ఉన్నా పట్టుకునే తన కళ్ళకు పక్కనే ఉన్న మనిషి కనబడలేదు.

నల్ల కారుకు మళ్ళీ మొదటి నుంచీ పనిచేశారు. పాత కోటింగ్ తీసి సంపత్ పాలిష్ పట్టాడు. ముత్యం తనంతట తానే గుడ్డ తెచ్చి శోభ చేతికిచ్చాడు. "ఇగ తుడుపు నీది బిడ్డా" అని కుర్చీలో కూర్చున్నాడు. ఆ మాట అనడానికి ఆయనకు ఎంత కష్టమైందో ఇద్దరికీ తెలుసు. అయినా మర్నాడు ఎనిమిదికి ఖాకీ చొక్కాతోనే వచ్చాడు. కారు తెచ్చినవాళ్ళను కూర్చోబెట్టి, ఏం చేయించుకుంటారో అడగడం మొదలుపెట్టాడు.

కారు తీసుకెళ్ళడానికి దయాసాగర్ వచ్చినప్పుడు సంపత్ చేతులు తుడుచుకొని ఎదురెళ్ళాడు.

"సార్, ఆనాడు మీ ముందట నా భార్యను అన్న మాట తప్పు. కోటింగ్ వేసే ముందట టార్చి పెట్టి చూసుకోవాల్సింది నేను. చూసుకోలే. మీ ముందటనే అన్న గనుక మీ ముందటనే చెప్తున్న."

శోభ పైట చెంగుతో కళ్ళు ఒత్తుకొని, దయాసాగర్‌కు టీ తేవడానికి లోపలికి వెళ్ళింది.

ఆ సాయంత్రం సంపత్ చేతులు సబ్బుతో రెండుసార్లు కడుక్కొని తండ్రి ముందు కూర్చున్నాడు. ఆయన గడ్డం పట్టుకొని తలను మెల్లగా వెనక్కి వాల్చాడు. తండ్రి ముఖాన్ని తాకి ఎన్నేళ్ళయిందో అతనికి గుర్తు రాలేదు. చుక్క వేయబోతే ఆయన రెప్పలు కొట్టుకున్నాయి.

"కన్ను మూయకు బాపు."

"మూస్తలేనురా." ముత్యం కొడుకు ముఖంలోకి అలాగే చూస్తూ ఉండిపోయాడు. "నీకు గడ్డంల తెల్ల ఎంట్రుకలు వచ్చినయ్. ఎప్పుడు వచ్చినయ్‌రా?"

మందు కంటే ముందు సంపత్ కన్నీటి చుక్క తండ్రి చెంప మీద పడింది.

"పడ్డదా?" అన్నాడు ముత్యం.

"లేదు బాపు. ఇంకా వెయ్యలే. జర సేపు అట్లనే చూడు."