వేలంలో ఇంటికొచ్చిన బస్తా

చర్చి కోత పండుగ వేలంలో కొన్న పసుపు బస్తాలో చెయ్యి పెట్టిన శాంతవ్వ వేళ్లకు మనిషి పుర్రె తగిలింది!

మిట్టమధ్యాహ్నం... ఆర్మూర్ గుట్టల మీద అకాల మేఘాలు కాటుకలా కమ్ముకున్నాయి. పుర్రె నుదుట కుంకుమ! కంటి గుంతల్లో పసుపు కొమ్ములు! ఫెళ్లున ఉరిమింది. శాంతవ్వ కెవ్వున అరిచి విరుచుకు పడిపోయింది. లేచేసరికి... ఆ గొంతు ఆమెది కాదు!

"రాజన్న ఇల్లు సూపిస్తివి... నీ ఇంటికే తెచ్చుకుంటివి! ఆకలైతుందిరా!"

గుమ్మంలోకి వచ్చిన ఆమె భర్త బాబురావు ఆ గొంతును గుర్తుపట్టాడు. ఆ పుర్రెను పూజించింది అతడే!

బాబురావు, రాజన్నలవి పక్కపక్క చేన్లు. అయినా మార్కెట్ యార్డులో సేట్లు రాజన్న పసుపు కుప్ప దగ్గరే ఆగేవారు. చర్చిలో పాస్టరు అయ్యగారు కూడా రాజన్ననే ముందుకు పిలిచేవారు. ఆ అసూయ బాబురావు గుండెలో కాలకూటమై మరిగింది. నందిపేట్ దాటి, గోదావరి ఒడ్డున క్షుద్రమంత్రం నేర్చాడు. విత్తనానికని రాజన్న ఏరిపెట్టిన బస్తాలో పుర్రెను దాచాడు. నాటే దాకా అది రాజన్న ఇల్లు కదలదనుకున్నాడు...

కానీ రాజన్న ఆ మేలు విత్తనాన్నే కోత పండుగలో దేవునికి అర్పించాడు! చర్చి దాన్ని వేలానికి పెట్టింది. "గీ విత్తనం మన చేన్ల పడితెనన్న మా ఆయన కడుపుమంట సల్లారుతదేమో" అని నవ్వుతూ వేలం పాడింది శాంతవ్వే!

బాబురావు తిరుగుమంత్రం జపించాడు. శాంతవ్వ మెడ నరాలు ఉబ్బాయి. మళ్లీ జపించాడు... ఆమెకు ఎగశ్వాస మొదలైంది!

కేకలు విని వాడకట్టంతా వచ్చి బస్తాలో పుర్రెను చూసింది. అయ్యగారూ రాజన్నా పరుగున చేరారు.

"బస్తా ఎవనిది? రాజన్నదే గదా! వీడే మంత్రగాడు! పండ్లు ఊడగొడితె మంత్రమెట్ల సదువుతడో సూద్దాం!" అని గుంపు అరిచింది. ఎవరో పటకారు తెచ్చారు. నలుగురు రాజన్నను నేలకు అదిమారు.

"నేనేం జేయలే... ముందుగాల వదినెను దవాఖానకు తీస్కపోండ్రి. నన్ను తర్వాత కొట్టుండ్రి" అని మొత్తుకున్నాడు రాజన్న.

అయ్యగారు శాంతవ్వ పక్కన మోకరించారు. "యేసు ప్రభువా! నీ ముందు దాగేదేదీ లేదు!"

గుట్ట మీద పిడుగు పడింది. పుర్రె ఫట్‌మని పగిలింది! బాబురావు నాలుక ఒక్క క్షణం కొయ్యబారింది... నేర్చిన మంత్రంలో ఒక్క అక్షరమూ మిగల్లేదు! శాంతవ్వ కళ్లు తెరిచింది. ఈసారి సొంత గొంతు.

"ఏమయ్యా... రాజన్ననెందుకు పట్టుకున్నరు?"

బాబురావు రాజన్న వైపు చూశాడు. భార్య బతికింది. పగవాడు నేల మీదున్నాడు. ఊరు తన మీద అనుమానపడలేదు. ఏళ్లుగా కోరుకున్నదంతా కళ్ల ముందే ఉంది... నోరు మూసుకుంటే చాలు! పటకారు రాజన్న పెదవులను తాకింది.

"ఆగుండ్రి!" బాబురావు గుంపులోకి దూకి రాజన్నకు అడ్డంపడ్డాడు. "గా పుర్రె పెట్టింది నేను! రాజన్న నాకు ఎన్నడు కీడు జేయలే. ఆయన పసుపు నా పసుపుకంటె మంచిగుంటె ఓర్వలేకపోయిన... గంతే. దేవుడు నన్ను మాఫ్ జేస్తే జేస్తడు. గని జేసిందానికి శిక్ష ఇంకొకడు పడొద్దు. ఇడువుండ్రి ఆయనను... ఊడగొడితె నా పండ్లు ఊడగొట్టుండ్రి!"