రాక్షసుడు చావని శనివారం

లిడియాకి కోపం తక్కువ. ఆమె పాఠం చెప్పే స్కూల్లో ఎనిమిదో తరగతి పిల్లలు ఆమెకి అస్సలు భయపడరని హెడ్మాస్టరు ఫిర్యాదు కూడా. అలాంటి మనిషి ఒక శనివారం సాయంత్రం అరిచిన అరుపుకి కింద ఇంట్లో ప్రార్థన కూటం ఆగిపోయింది.

చీరాలలో వాళ్ళ నాన్న జక్రయ్య మాస్టారి మేడ మీద గదిలో జరిగేది ఆ ఆట. హైదరాబాద్ హాస్టల్లో ఉన్నప్పుడు లిడియా నేర్చుకుంది. ఒకరు కథ నడిపిస్తారు. మిగతావాళ్ళు ఆ కథలో మనుషులవుతారు. ఏం చేయాలన్నది వాళ్ళిష్టం. అది జరుగుతుందో లేదో ఇరవై ముఖాల పాచిక చెబుతుంది. కథ నడిపేది లిడియా. ఆమె స్నేహితురాలు ఉదయశ్రీ అందులో విలుకత్తె. కళ్ళజోళ్ళ షాపు జాన్ బాషా మంత్రగాడు. మంగళగిరిలో ఉద్యోగం చేస్తూ వారాంతానికి ఇల్లు చేరే సాయిగణేష్ దొంగ.

వేసవిలో మొదలైన కథ ఆ సాయంత్రంతో ముగియాలి. బొగ్గుకొండ కోటలో చీకటిరాయుడనే రాక్షసుడున్నాడు. వాణ్ణి చంపగల కత్తి దొంగ దగ్గరుంది. లిడియా మట్టితో రాక్షసుడి బొమ్మ చేసి, కోరలకి రంగులేసి, చివర్లో చెప్పాల్సిన మాటలు అద్దం ముందు నిలబడి చెప్పుకుని చూసుకుంది. వాళ్ళమ్మ జయకుమారి వేడివేడి పకోడీలు పంపింది. బయట కథకి తగ్గట్టే వాన. అన్నీ కుదిరాయి, ఒక్క సాయిగణేష్ తప్ప.

"కోట తలుపు ముందున్నారు," అంది లిడియా గొంతు తగ్గించి. "కాపలావాడు కునికిపాట్లు పడుతున్నాడు. ఏం చేస్తారు?"

"లేపుతాను," అన్నాడు సాయిగణేష్.

"దేనికి?"

"అలా పడుకుంటే మెడ పట్టేస్తుంది కదా. ఏ ఊరు బాబాయ్ అని పలకరిస్తాను."

లిడియా అప్పటికప్పుడు కాపలావాడికి ఒక ఊరు కల్పించాల్సి వచ్చింది. తర్వాత భార్యని, తర్వాత ముగ్గురు కూతుళ్ళని. పెద్దమ్మాయికి సంబంధాలు చూస్తున్నారా అని సాయిగణేష్ అడిగేసరికి ఆమె పళ్ళు బిగించింది. అక్కణ్ణుంచి కదిలితే గుర్రాలకి నీళ్ళు పెట్టాలన్నాడు. మెట్లెక్కుతూ గోడ మీద బొమ్మలు చూడాలన్నాడు.

"ఒరేయ్ సాయీ, నా మంత్రం చల్లారిపోతోందిరా," అన్నాడు జాన్ బాషా, ఆఖరి పకోడీ నోట్లో వేసుకుంటూ.

ఎలాగో రాక్షసుడి ఎదుటికి చేరారు.

"కత్తి తీస్తున్నాను," అన్నాడు సాయిగణేష్.

లిడియా ప్రాణం లేచొచ్చింది. "తీసి?"

"రాక్షసుడికి ఇచ్చేస్తున్నాను. పాపం, వాడికెవరూ ఏదీ ఇచ్చుండరు. తీసుకుని ఎటైనా వెళ్ళిపొమ్మంటాను. మనం వాణ్ణి మళ్ళీ మొదట్నుంచీ వెతుక్కుందాం."

అని పాచిక వేశాడు. ఇరవై పడింది. అంతకంటే పెద్ద అంకె లేదు. ఆట రూలు ప్రకారం రాక్షసుడు కత్తి పుచ్చుకుని దండం పెట్టి వెళ్ళిపోవాల్సిందే.

లిడియా లేచి నిలబడింది. "సాయీ, వాణ్ణి చంపు."

"చంపను."

"చంపుతావా లేదా? ఒక్క పోటు. ఇప్పుడే, ఇక్కడే, నా కళ్ళ ముందే పొడిచి చంపెయ్."

సరిగ్గా ఆ సమయానికి కింద అందరూ కళ్ళు మూసుకుని మౌన ప్రార్థనలో ఉన్నారన్న సంగతి ఆమెకి గుర్తు లేదు. చేతికందిన పాచిక విసిరితే కిటికీలోంచి వానలోకి వెళ్ళిపోయింది. బల్ల మీద చెయ్యి తగిలి చీకటిరాయుడు కిందపడి మెడ విరగ్గొట్టుకున్నాడు. అక్కడితో ఆగినా బాగుండేది.

"ఏది మొదలుపెట్టినా సగంలో వదిలేయడం నీకలవాటు. సీఏ సగం, ఈత సగం, ఇప్పుడు నా కథ కూడా సగమే. నీకు విసుగొస్తే రావడం మానెయ్, అంతేగాని మమ్మల్ని ఎందుకు చంపుతావ్?"

సీఏ వదిలేసిన సంగతి సాయిగణేష్ ఒకసారి ఆమెకి మాత్రమే చెప్పుకున్నాడు.

"సరే," అని లేచాడు. గొడుగు కూడా తీసుకోలేదు. మెట్ల మీద జక్రయ్య మాస్టారు ఎదురయ్యారు, వెనక ప్రార్థనకొచ్చిన ఆడవాళ్ళు.

"బాబూ, మా అమ్మాయి ఎవర్ని చంపమంటోంది?"

"రాక్షసుణ్ణండి. నేను చంపలేదండి," అని మర్యాదగా చెప్పి వానలోకి వెళ్ళిపోయాడు.

వారం మధ్యలో ఉదయశ్రీ అడిగింది. "ఫోన్ చేశావుటే?"

"చేశాను. బాగున్నావా అంటే బాగున్నానన్నాడు. భోంచేశావా అంటే చేశానన్నాడు. తర్వాత కాసేపు ఇద్దరం వాతావరణం గురించి మాట్లాడుకున్నాం."

"మరి సారీ?"

"మధ్యలో ఎక్కడా చోటు దొరకలేదే."

మరుసటి శనివారం సాయిగణేష్ రాలేదు. దొంగ వేషం కూడా జాన్ బాషాయే వేస్తానన్నాడు. కత్తి ఇచ్చెయ్యడం లెక్కలోంచి తీసేసి, కోట తలుపు దగ్గర్నుంచి మళ్ళీ మొదలుపెట్టారు. తలుపు చిటికెలో తెరుచుకుంది. కాపలావాణ్ణి ఎవరూ ఊరు అడగలేదు. గుర్రాలు దాహంతోనే ఉండిపోయాయి. కథ లిడియా రాసుకున్నట్టే నడుస్తోంది, అయినా చెబుతుంటే ఆమెకే ఆవలింత వచ్చింది. ఇన్నాళ్ళూ తాను కథ చెబుతున్నది ఆ మూలన కూర్చుని మోకాలి మీద గెడ్డం ఆనించుకుని వినే ఒక్కడికేనని అప్పుడు తెలిసింది. అది ఎప్పట్నుంచో ఆలోచిస్తే వేసవి దాకా వెళ్ళింది.

"ఒక్క పోటు చాలు, వేసెయ్యనా?" అన్నాడు బాషా.

"వద్దు," అని లిడియా చెప్పులేసుకుంది.

సాయిగణేష్ వాళ్ళది నేతపని ఇల్లు. ముందు గదిలో చీరల బీరువాలు, వెనక గదిలో మగ్గం. మగ్గం మీద వాళ్ళ నాన్న చలమయ్య. ఆయన మాట ఎలా ఉంటుందో వీధిలో చాలామందికి తెలియదు, మగ్గం చప్పుడు మాత్రం అందరికీ తెలుసు. లిడియా గుమ్మంలో అడుగుపెట్టగానే వాళ్ళమ్మ మాణిక్యమ్మ చాప పరిచింది.

"రామ్మా, కూర్చో. దేనికోసం?"

"సారీ కోసం అండీ."

"చీరలు కాక ఇక్కడ ఇంకేముంటాయి తల్లీ. ఒరేయ్ సాయీ, ఆ పై అరలోవి దించు."

లోపల్నుంచి వచ్చిన సాయిగణేష్ ఆమెను చూసి ఆగిపోయాడు. తర్వాత ఏమీ ఎరగనట్టు చీరలు దించాడు. మాణిక్యమ్మ ఒక్కొక్కటీ విప్పి వేస్తుంటే లిడియా మోకాళ్ళ దాకా చీరల్లో మునిగిపోయింది.

"ఏ రంగు చూపించమంటారండీ?" అన్నాడతను.

"ఆ రోజు నేనలా అని ఉండకూడదు."

"ఇది రామాకుపచ్చ. జరీ అంచు."

"సీఏ మాట అనడం నా తప్పు, సాయీ. నువ్వు నన్ను నమ్మి చెప్పుకున్నావు. నేను అందరి ముందూ అనేశాను."

మాణిక్యమ్మ చేతిలో చీర సగం విప్పి ఉండగానే ఆగింది. ఇద్దరి మొహాలూ చూసింది. "పాలు పొంగుతున్నట్టున్నాయి," అని, పొయ్యి వెలిగించని వంటింట్లోకి వెళ్ళిపోయింది.

సాయిగణేష్ చాప అంచున కూర్చున్నాడు. "నాకు విసుగొచ్చిందనుకున్నావా?"

"కాకపోతే కాపలావాడి కూతురి పెళ్ళి నీకెందుకు?"

"ఆ రాక్షసుడు చస్తే కథ అయిపోతుంది. కథ అయిపోతే మరుసటి శనివారం ఏ మొహం పెట్టుకుని మీ మేడ ఎక్కాలి? వారమంతా ఆ ఆఫీసులో ఆ ఒక్క సాయంత్రం కోసమే కూర్చుంటాను. అందుకే గుర్రాలకి నీళ్ళు పెట్టాను. గోడ మీద బొమ్మలు చూశాను. ఇంక ఏమీ తోచక కత్తి ఇచ్చేశాను."

లిడియా చేతిలో ఉన్న చీర కొంగుని మడతపెట్టి, విప్పి, మళ్ళీ మడతపెట్టింది.

"నోరు తెరిచి చెప్తే ఏం పోయింది?"

"నువ్వేమంటావోనని."

"అదే, ఇప్పుడు అంటున్నాను. నువ్వు లేకుండా ఇవాళ ఆట నడిపాను. నాకే నచ్చలేదు. నువ్వంటే నాకిష్టం, సాయీ. రాక్షసుడున్నా, పోయినా."

అతను ఎదురుగా ఉన్న చీరలన్నీ వరసగా చూశాడు.

"నాకు నిన్ను మొదటి శనివారం నుంచే ఇష్టం," అన్నాడు చివరికి, రామాకుపచ్చ చీరతో.

"ఇటు చూసి చెప్పు."

చూసి చెప్పాడు. చెవులు ఎర్రబడ్డాయి.

"రేపు చర్చి అయ్యాక వాడరేవు బీచికి వెళ్దామా?" అంది లిడియా.

"అందరమా?"

"మనిద్దరమే."

అప్పటికి గాని ఇద్దరూ గమనించలేదు, వెనక గదిలో మగ్గం చప్పుడు ఆగిపోయి చాలాసేపయింది. వంటింట్లో కూడా గిన్నె కదలడంలేదు. సాయిగణేష్ లేచి నిలబడ్డాడు.

గోడ అవతల చలమయ్య గొంతు సవరించుకున్నాడు.

"ఒరేయ్ సాయీ, బండి వెనక టైర్లో గాలి లేదు. ఇద్దరెక్కితే కూర్చుండిపోతుంది. పొద్దున్నే కొట్టించుకో."

మగ్గం మళ్ళీ మొదలైంది.