ఆదివారం తీగ మీద గాలితోకలు

టోర్మొద్ ఊలు సంచి భుజాన వేసుకుని బడి హాల్లో అడుగు పెట్టేసరికి, పిల్లల మధ్య కూర్చుని గిటారు వాయిస్తున్న కొత్త మనిషి తల కూడా ఎత్తకుండా, "అక్కడ పెట్టెయ్ బ్రదర్" అన్నాడు. మూడేళ్లుగా ప్రతి శుక్రవారం మగ్గం మీద మిగిలిన ఊలు ముక్కల్ని రంగుల వారీగా ఏరి, తీసుకొచ్చి మార్సలి చేతికే ఇచ్చే టోర్మొద్‌కి ఒళ్లు మండిపోయింది.

లూయిస్ దీవిలోని ఆ ఊళ్లో పసిపిల్లలకి అక్కడి గేలిక్ భాష నేర్పే టీచరు మార్సలి. వానని ఉష్కె అనాలని చెప్పి, బల్లల మీద వేళ్లతో టపటపలాడిస్తూ పాడించేది. పక్క షెడ్డులో ట్వీడ్ అనే ఉన్ని బట్ట నేసే టోర్మొద్ ఆ పాట వింటూ మురిసిపోయేవాడు. ఆమెకి మాత్రం ఇంతవరకు ఒక్క ముక్క చెప్పలేదు.

ఇప్పుడు ఈ గిటారు మనిషి ఈవర్ గ్లాస్గో నుంచి ఊడిపడ్డాడు. వాతావరణం పాటలకి కొత్త బాణీలు కడతాడట. గాలిని గూ అంటారని చెప్పడానికి అతను బుగ్గలు పూరించి ఊదుతుంటే పిల్లలు పడీపడీ నవ్వుతున్నారు. పిల్లలు నవ్వితే పరవాలేదు, మార్సలి కూడా నవ్వుతోంది. పైగా గ్లాస్గోలో తమ స్కూల్లో ఉద్యోగం ఉందనీ, సోమవారంలోగా ఏ సంగతీ చెప్పమనీ ఆమెని అడిగాడని ఊరంతా అనుకుంటోంది.

ఆ వారం పిల్లలు గుడ్డ గొట్టాలకి రంగులు పూసి, ఊలు తోకలు కట్టి గాలితోకలు చేశారు. శుక్రవారం వానకి అవి ఆరలేదు. శనివారం తల్లితో స్టోర్నవే పట్నం వెళుతూ మార్సలి వాటిని ఆరబెట్టే పని ఈవర్‌కి అప్పగించింది. ఆ మధ్యాహ్నం అటుగా వెళుతున్న టోర్మొద్‌కి, ఈవర్ ఈల వేస్తూ ఆ ఇరవై గాలితోకల్నీ మార్సలి వాళ్ల పెరట్లో బట్టల తీగకి క్లిప్పులతో తగిలిస్తూ కనిపించాడు.

ఆ ఊళ్లో ఆదివారం దేవుడి రోజు, ఏ పనీ ముట్టుకోకూడదు; తీగ మీద చేతిరుమాలు కూడా ఉండదు. శనివారం చీకటి పడేలోగా ప్రతి ఇంటివాళ్లూ తీగలు ఖాళీ చేసేస్తారు. గ్లాస్గో మనిషికి ఆ సంగతేం తెలుసు? టోర్మొద్ ఒక్క మాట చెబితే సరిపోయేది. చెప్పలేదు. రేపు చర్చికి వెళ్లేవాళ్లంతా ఈవర్‌ని ఎలా కడిగేస్తారో ఊహించుకుంటూ ఆ పూట రెండు గిన్నెల సూపు తాగాడు.

ఆదివారం గడ్డం గీసుకుంటుంటే అసలు సంగతి తట్టింది. తీగ ఈవర్‌ది కాదు, మార్సలిది. తల్లీకూతుళ్లు ఆఖరి బస్సులో చీకట్లో దిగి ఉంటారు, చూసి ఉండరు. ఆదివారం వాటిని తియ్యడమూ తప్పే. అయినా నల్ల సూటు తొడుక్కుని పరుగెత్తాడు.

సగం తీసేసరికి రోడ్డు మీద చర్చికి వెళ్లే కార్లు ఒక్కొక్కటే నెమ్మదించాయి. పాస్టరుగారి భార్య అయితే మెడ తిప్పి మరీ చూసింది. అప్పుడే బైబిలు పట్టుకుని మార్సలి బయటికొచ్చింది.

"ఆదివారం పూట మా తీగ దగ్గర నీకేం పని?"

"నిన్ననే చెప్పాల్సింది. అతను కడుతుంటే చూశాను."

"మరి చెప్పలేదేం?"

ఒక అబద్ధం నోటిదాకా వచ్చింది. దాన్ని మింగేశాడు. "కుళ్లు. ఊరంతా అతన్ని నాలుగు చివాట్లు పెడితే చూడాలనిపించింది. మాట పడేది నువ్వని పొద్దున్న గానీ బుర్రకెక్కలేదు."

"అంత కుళ్లు దేనికి?"

"నువ్వు వెళ్లిపోతావేమోనని. నువ్వంటే నాకిష్టం, మార్సలి. మూడేళ్లుగా."

"మూడేళ్లూ సంచి చేతికిచ్చి, వస్తా మరి అనేవాడివి. నీకు ఊలంటేనే ఇష్టమనుకున్నా." మార్సలి బైబిలు గోడ మీద పెట్టి, ఊరంతా చూస్తుండగానే తనూ క్లిప్పులు తియ్యడం మొదలుపెట్టింది. "సోమవారం అతనికి రానని చెబుతాను. నువ్వు మాత్రం చేసిన వెధవపని నీ నోటితోనే అతనికి చెప్పి క్షమాపణ అడగాలి."

టోర్మొద్ బుద్ధిగా తల ఊపాడు. సంతోషంలో రెండు క్లిప్పులు జారవిడిచాడు.

వంటింటి కిటికీ తెరుచుకుంది. "ఇద్దరూ కలిసి తప్పు చేస్తున్నారు గదా, కాస్త త్వరగా కానివ్వండి. చర్చికి వేళయింది," అంది మార్సలి తల్లి.

వాళ్లు చర్చికి చేరేసరికి కీర్తన మొదలైపోయింది. టోర్మొద్ అలవాటుగా వెనక మూలకి వెళ్లబోయాడు. అక్కడ ఎవరి కుటుంబం బెంచీలో వాళ్లే కూర్చుంటారు, పరాయివాణ్ని పిలిచారంటే దానికి ఒకటే అర్థం, కాబోయే అల్లుడని. మార్సలి తల్లి తన బెంచీలో కొంచెం అవతలికి జరిగి, మధ్యలో ఖాళీ చోటుని చేత్తో తట్టింది. "నిలబడ్డావేం? కూర్చో నాయనా."

అతను కూర్చున్నాడు. మార్సలి కీర్తనల పుస్తకం తెరిచి సగం అతని చేతిలో పెట్టింది. ఆ రోజు పాస్టరుగారు దేని గురించి ప్రసంగించారో ఊళ్లో ఒక్కరికీ గుర్తులేదు.