రాలిపోయిన నాలుగు నిమిషాలు

ఆ రోజు కార్యాలయానికి సెలవు. మధ్యాహ్నం మూడు గంటలు దాటింది. బయట ఎండ నిప్పులు చెరుగుతోంది గాని, టెలిఫోన్ ఎక్స్ఛేంజి భవనపు నేలమాళిగకు ఎండ సంగతి ఏనాడూ తెలియదు. కిటికీ అంటూ లేని ఆ పొడవాటి గదిలో ఫోన్ మాటలను దారి పట్టించే యంత్రాల్లో ఒకే ఒక్కటి, ఏటీఎం అనే రకం స్విచ్, ఇంకా పనిచేస్తోంది. మిగతావన్నీ విప్పి పట్టుకుపోగా, అవి నిలబడినచోట నేల మీద దుమ్ము చతురస్రాలు మిగిలాయి. ఫ్యాన్ల హోరు. వేడెక్కిన ప్లాస్టిక్ వాసన. దాని వెనకాల బ్యాటరీల పుల్లటి వాసన.

ఇరవై రెండేళ్లుగా ఆ వాసనలోనే ఉద్యోగం చేసిన పెద్ద ఇంజనీరమ్మ కళ్లజోడు సవరించుకుని తెర ముందు కూర్చుంది. నాలుగింటికి ఆ స్విచ్‌ను శాశ్వతంగా ఆపేయాలి. ఆమె సరే అన్నాక, మూడో అంతస్తులో కరెంటు మీటల గదిలో ఉన్న మరిది మీట దించాలి. ఆ పని జరుగుతున్నంతసేపు మీటల గదికి లోపలి నుంచి గడియ వేసుకుని ఉండాలన్నది నియమం. ఎవరైనా పొరపాటున వచ్చి మీట మీద చెయ్యి వేస్తే ప్రాణాలకే ముప్పు.

మూడో అంతస్తుతో కలిపే లోపలి ఫోన్ మోగింది.

"ఏంటి వదినా, దానికి వీడ్కోలు సభ పెట్టి ఉపన్యాసాలు ఇస్తున్నారా?"

"గడియ వేసుకున్నావా?"

"వేసుకున్నాను మహాతల్లీ. పొద్దున కాపలావాడు ఏమన్నాడో తెలుసా? ఏటీఎం మూసేస్తున్నారట, నా డబ్బులు తీసుకోమంటారా సార్ అన్నాడు."

"మనది డబ్బులిచ్చే ఏటీఎం కాదు, మాటలు మోసే ఏటీఎం అని చెప్పలేకపోయావా?"

"చెప్పాను. అయితే ఇక దేనికి లెండి అని వెళ్లిపోయాడు."

ఆమె నవ్వింది. రిసీవర్ పెట్టేశాక ఆ నవ్వు ఎంతోసేపు నిలవలేదు.

మాటలు మోసే ఆ విద్యను ఆమెకు నేర్పింది ఆమె భర్తే. పెళ్లయిన కొత్తలో, ఇదే గదిలో, కాగితం ముక్కలు చింపి చూపించారు. "మాటైనా, బొమ్మైనా, లెక్కైనా దీనికి ఒకటేనోయ్. అన్నిటినీ యాభై మూడు బైట్ల పొట్లాలుగా కోస్తుంది. పొట్లం పేరు సెల్. ఐదు బైట్లు పైన చీటీ, నలభై ఎనిమిది లోపల సరుకు. ముందు దారి ఏర్పడాలి, ఆ తర్వాతే సరుకు కదలాలి. అందుకే వెనకది ముందుకు రాదు, ముందుది వెనక్కు పోదు. ఎవరూ ఏమీ మాట్లాడకపోయినా తీగ ఊరికే ఉండదు, ఖాళీ పొట్లాలు నడుస్తూనే ఉంటాయి."

"మరి పంపినవాళ్ల పేరు చీటీ మీద ఎక్కడుంటుందండీ?"

"ఉండదు. దారి నంబరు ఒక్కటే ఉంటుంది. ఆ దారిలో వచ్చిందంటే ఆ చివరవాడే పంపాడని నమ్మాలి, అంతే."

ఆ చీటీలోనే ఒక బిట్ ఉంది. అది సున్నా అయితే పొట్లాన్ని కాపాడాలి. ఒకటి అయితే, రద్దీ పెరిగినప్పుడు ముందుగా దాన్నే పారేయవచ్చు.

పదకొండేళ్ల క్రితం, కుండపోత వానలో, ఆయన కొండ మీద, సంకేతాలను అందుకుని ముందుకు పంపే రిలే గదిలో ఒంటరిగా డ్యూటీలో ఉన్నారు. అక్కడికీ ఇక్కడికీ సిబ్బంది మాట్లాడుకోవడానికి ఒక శాశ్వతమైన దారి ఉండేది. దానికి అక్కడొకటి, ఈ గది మూలన ఒకటి ఎర్ర ఫోన్లు. ఆ సాయంత్రం లైన్ల మీద భారం మితిమీరింది. ఎక్కడో ఒకచోట చోటు చేయమని పైనుంచి ఒత్తిడి. మేమిద్దరం మాట్లాడుకునేదేగా, పోతే ఏం పోయిందిలే అనుకుని, ఆమె ఎర్ర ఫోన్ దారిలోని ఆ బిట్‌ను సున్నా నుంచి ఒకటి చేసింది. పది నిమిషాలకు ఆయన ఫోన్ చేశారు. మాట ముక్కలు ముక్కలుగా వచ్చింది. "ఏమీ వినపడటం లేదండీ, తర్వాత చేస్తాను," అని పెట్టేసింది.

మర్నాడు ఆయన లోయ అడుగున దొరికారు. రిలే గదికి చిన్న దెబ్బైనా తగల్లేదు. తలుపు గడియ లోపలి నుంచే తీసి ఉంది. ఆ తర్వాత ఆ గదిని మూసేశారు, కేబుల్ కోసేశారు. "అంత వానలో అన్నయ్య తలుపెందుకు తీశాడు వదినా?" అని మరిది ఇప్పటికీ ఏడాదికోసారైనా అడుగుతాడు. ఆమె తల వంచుకుంటుంది. ఆ బిట్ సంగతి అతనికి చెప్పే ధైర్యం ఆమెకు రాలేదు.

పన్నెండేళ్లుగా ఒక్కసారీ ఆగని ఆ స్విచ్‌కు మాత్రం ఆ సంగతి గుర్తుంది. ఎర్ర ఫోన్ దారిలో పారేసిన పొట్లాల సంఖ్య దాని తెర మీద అలాగే నిలిచిపోయింది. నలభై వేల నూట పన్నెండు. ఒక్కో పొట్లంలో ఆరు మిల్లీసెకన్ల మాట. అంటే, ఆమె పెట్టేశాక కూడా నాలుగు నిమిషాలు ఆయన రిసీవర్ వదల్లేదన్నమాట. ఏం మాట్లాడారో ఆమెకు తెలియదు. ఈ రోజు స్విచ్ ఆగితే ఆ సంఖ్య కూడా చెరిగిపోతుంది. చివరిసారిగా చూద్దామని ఆమె ఆ పేజీ తెరిచింది.

నలభై వేల తొంభై.

చూపు చెదిరిందేమోనని కళ్లజోడు తుడుచుకుంది. పారేసిన పొట్లాల లెక్క పెరగాలేగాని తగ్గకూడదు. తగ్గడమంటే, పారేసినవి ఎవరికో అందుతున్నాయని అర్థం.

ముప్పై తొమ్మిది వేల ఎనిమిది వందలు...

ఆమె లేచి స్విచ్ వెనకవైపుకు వెళ్లింది. కొండ దారి కేబుల్ మూరెడు పొడవున తెగి గాలిలో వేలాడుతోంది. దాని పైన, పదకొండేళ్లుగా చీకటిగా ఉన్న చిన్న దీపం పచ్చగా వెలుగుతోంది. ఎక్కడిదో తడిమట్టి వాసన... మీట దించమని మరిదికి ఒక్క మాట చెబితే సరిపోయేది. కాని ఆ నాలుగు నిమిషాలు... ఇంకెన్నడూ దొరకవు.

ఎర్ర ఫోన్ ఎత్తింది.

వాన. రేకుల కప్పు మీద హోరున వాన. అందులోంచి ఆయన గొంతు. ఎక్కడా తెగకుండా, పక్కనే కూర్చున్నట్టు.

"ఏమోయ్, వినపడుతోందా? నీ మాట రావడం లేదు. నాదైనా వస్తోందా?" దూరంగా దబదబమన్న చప్పుడు. "ఎవరో తలుపు కొడుతున్నారు. ఈ వానలో ఇక్కడికెవరొస్తారు..." తర్వాత భయం దాచుకుంటున్న చిన్న నవ్వు. "విచిత్రంగా ఉందే. నీ గొంతే. నువ్వే పిలుస్తున్నట్టుంది."

తెర మీద అంకెలు జలజలా రాలుతున్నాయి. పన్నెండు వేలు... తొమ్మిది వేలు...

"చూడు, నువ్వు నిజంగా ఫోన్లోనే ఉంటే ఒక్క మాట అను. తలుపు తీయను. ఉన్నావా?"

"ఉన్నానండీ! ఇక్కడే ఉన్నాను! తీయొద్దు... మీ కాళ్లు పట్టుకుంటాను, తీయొద్దు!"

వాన హోరు.

"లేవా?" అన్నారాయన, ఎంతో మెల్లగా. "అయితే... బయట ఉన్నది నువ్వేనేమో."

గడియ తీసిన చప్పుడు. వాన ఒక్కసారిగా దగ్గరైంది. ఆయన ఏదో అనబోయి ఆగిపోయారు. తడి పాదాల చప్పుడు... నెమ్మదిగా... ఫోన్ వైపు. ఎవరో రిసీవర్ ఎత్తారు.

"వినపడుతోంది," అంది ఆమె గొంతే. "నువ్వు అక్కడున్నావన్నమాట."

అంకె సున్నాకు వచ్చి ఆగింది. పచ్చ దీపం ఆరిపోయింది.

ఎంతసేపు అలా నిలబడిందో ఆమెకు తెలియదు. లోపలి ఫోన్ మోగుతుంటే తుళ్లిపడి ఎత్తింది.

"వదిన మిమ్మల్ని కింద పెట్టి పైకొచ్చేశారా? ఫోన్ ఎత్తింది ఎవరండీ?" మరిది గొంతులో నవ్వుంది. "తలుపు అవతల నుంచి పిలుస్తున్నారుగా. ఉండండి, గడియ తీస్తున్నా..."

"తీయకు! నేనే మాట్లాడుతున్నది! తలుపు తీయకు!"

"...ది...నా... నప... డం..."

అతని మాట ముక్కలైపోయింది. ఆమె తెర వైపు తిరిగింది. మూడో అంతస్తు ఫోన్ దారి. దాని బిట్ ఎప్పుడూ సున్నాయే. ఇప్పుడు ఒకటి అని ఉంది. పారేసిన పొట్లాలు: ఆరు వందలు... తొమ్మిది వందలు... మార్చినవారు అన్నచోట ఆమె ఉద్యోగి సంఖ్యే ఉంది. ఎక్కడి నుంచి అన్నచోట... కొండ మీది రిలే గది.

ఆమె పరుగెత్తింది. మెట్లు, మలుపులు, మళ్లీ మెట్లు. మూడో అంతస్తు వరండా నిండా ఎండ. మీటల గది తలుపు బార్లా తెరిచి ఉంది. గడియ లోపలి నుంచే తీసి ఉంది. గదిలో ఎవరూ లేరు. గడప దగ్గర తడి పాదాల గుర్తులు, ఇంకా ఆరలేదు. గడప దాకా ఒక జత వచ్చాయి. రెండు జతలు వెనక్కు వెళ్లాయి. వరండా చివరిదాకా వెళ్లాయి. అక్కడ ఉన్నది గోడ.

రిసీవర్ బల్ల మీద వెల్లకిలా పడి ఉంది. అందులోంచి సన్నగా ఒక కేక. ఆమె దాన్ని చెవి దగ్గర పెట్టుకుంది.

"తీయకు! నేనే మాట్లాడుతున్నది! తలుపు తీయకు!"

తన కేకే. ఒక్క ముక్క పోకుండా, వరుస తప్పకుండా, ఇప్పుడు అందుతోంది. చివరిదాకా వచ్చి ఆగింది. ఆ తర్వాత ఆ చివర, కింద తాను వదిలి వచ్చిన ఖాళీ గదిలో, ఎవరో కుర్చీ దగ్గరకు లాక్కున్నారు.

"వినపడుతోంది," అంది ఆమె గొంతు. "గడియ వేసుకున్నావా?"