వెల్లుల్లి బుట్ట

భీమిలి రేవులో మనుషులు లేని పడవలు చేపలు దించుతున్నాయి. కొండ మీది ఇళ్ళ గోడలు ఎండను బట్టి రంగు మార్చుకుంటున్నాయి. ఒక గుమ్మం పక్కన మాత్రం పచ్చ దీపం వెలుగుతోంది. తాగుడు మానినవాళ్ళు కలిసి బతికే ఇళ్ళకు ప్రభుత్వం ఇచ్చే గుర్తింపు అది. ఆ దీపం ఉంచాలో ఆర్పాలో తేల్చడానికి సుభాషిణి వచ్చింది. ఆరితే ఇంట్లోవాళ్ళంతా వీధిన పడతారు.

ఆమె కనిపెట్టిన తృష్ణామాపకం గోడకు తగిలించే చిన్న పలక. చెమటలోని రసాయనాలను, గుండె లయను దూరం నుంచే చదివి, తాగాలన్న కోరిక ఎవరిలో ఎంతుందో విడివిడి గీతలుగా చూపిస్తుంది. ఏ ఒక్క గీత ఎర్ర హద్దు దాటి నిలిచినా లైసెన్సు రద్దు. అందుకే తనిఖీ రోజున చాలా ఇళ్ళవాళ్ళు కుదురులేని మనిషిని ఎక్కడికో పంపేస్తారు. ఈ ఇల్లు నడిపే అప్పలకొండ పంపలేదు. కొత్తగా చేరిన పైడిరాజు చేతుల వణుకు గుమ్మంలోంచే కనిపిస్తోంది. ఎందుకు పంపలేదని ఆమె అడిగింది.

“ఆడిని పంపీసి దీపం ఉంచుకుంటే, ఆ దీపం ఎవలికి మేడమ్?” అన్నాడు అప్పలకొండ.

పొద్దు వాలేసరికి పైడిరాజు గీత హద్దుకు ఎగబాకింది. అతను ఎవరితోనూ చెప్పకుండా వంటింట్లోకి వెళ్ళి వెల్లుల్లి బుట్ట ముందు కూర్చుని ఒలవడం మొదలుపెట్టాడు. ఆ ఇంటి పద్ధతి అది. బుట్ట ముందు కూర్చున్నవాణ్ణి ఎవరూ ఏమీ అడగరు. అప్పలకొండ వచ్చి పక్కన కూర్చున్నాడు. తర్వాత ఒకరొకరుగా అందరూ.

“రెబ్బ కంటే పొట్టే పెద్దగా తీస్తన్నావు. నీకు పెళ్ళెవలు చేసినార్రా?” అన్నారెవరో. పైడిరాజు నవ్వలేదు గానీ వణుకు తగ్గింది. అతని గీత దిగింది.

మిగతావాళ్ళ గీతలు కొద్దికొద్దిగా లేచాయి. సుభాషిణి గీతలన్నీ కలిపి లెక్క చూసింది. మొత్తం మారలేదు. దాహం ఎక్కడికీ పోలేదు. తలా కాస్త తీసుకున్నారు. ఏ గీతా హద్దు దాటలేదు. కోరిక ఒక్క మనిషి చర్మం లోపలే ఉంటుందన్న నమ్మకం మీద ఆమె ఆ పలకను కట్టింది. ఇప్పుడు ఆ పలకనే అనుమానించి, వాళ్ళను దగ్గరగా చూద్దామని వాళ్ళ మధ్య కూర్చుంది. చేయి ఖాళీగా ఉంచలేక ఒక రెబ్బ తీసుకుంది.

పలక మృదువుగా పలికింది. “పేరు లేని కొత్త గీత ఒకటి లేస్తోంది. పరికర దోషంగా కొట్టివేయమంటారా?”

జన్మలో మందు రుచి ఎరగని సుభాషిణి గొంతు ఎండిపోయి ఉంది.

“వద్దు, ఉండనీ,” అంది. అప్పలకొండ బుట్టను ఆమె వైపు కాస్త జరిపాడు.