మాలకీ ఇంటి గడియారం

కారు స్టార్ట్ కావడం లేదు!

ఆనందబాబు మళ్ళీ తాళం తిప్పుతాడు. ఇంజిన్ ఒకసారి దగ్గి ఊరుకుంటుంది. కార్లు డిజైన్ చేసే ఇంజినీరుకి సొంత కారే ఇవాళ చెయ్యివ్వాలా! డెట్రాయిట్ పక్కన ట్రాయ్‌లో జనవరి చలి అలాంటిది మరి.

రివర్స్ చేసి రోడ్డెక్కితే చాలు...

టక్. టక్.

కిటికీ అద్దం మీద పిస్టల్ గొట్టం.

"దిగు ఇంజినీర్," అంటాడు డెక్లన్, మామగారి పాత స్నేహితుడు. "మామ శవం లోపలుండగా అల్లుడుగారు ఎక్కడికి బయల్దేరారో?"

మెడపట్టి తోసుకుంటూ తీసుకెళ్తున్నాడు. అరవై దాటిన మనిషి. పట్టు మాత్రం ఇనుమే.

ఆనంద్ చొక్కా కింద ప్లాస్టర్ దురద పెడుతోంది. ప్లాస్టర్ కింద మైకు. అది డెక్లన్‌కి తెలిస్తే ప్రాణం పోతుంది. భార్య నోరాకి తెలిస్తే... ఆ ఆలోచన పూర్తి చేసే ధైర్యం అతనికి లేదు.

తలుపు మూసుకుంటుంది. గడియ పడుతుంది.

హాల్లో సోఫా మీద మాలకీ. నోరా తండ్రి, ఆనంద్‌కి మామగారు, సంఘానికి పెద్ద. తల వెనక దెబ్బ. మీద తెల్ల దుప్పటి.

సంఘం! పేరు వింటే వణుకు పుట్టాలి గానీ, ఇప్పుడు చూస్తే జాలేస్తుంది. ఐర్లండ్‌లో తాతలు లేవదీసిన తిరుగుబాటు వారం తిరక్కుండానే అణిగిపోయింది. పారిపోయి వచ్చినవాళ్ళు డెట్రాయిట్‌లో రహస్యంగా ప్రమాణాలు చేసుకున్నారు. ఒకప్పుడు వాళ్ళ మీటింగ్‌కి బార్ హాలు చాలేది కాదు. తరవాత మీటింగుల కన్నా అంత్యక్రియలే ఎక్కువయ్యాయి. ఐరిష్ రక్తం లేనివాడిని గుమ్మం తొక్కనివ్వనివాళ్ళు చివరికి తెనాలి అల్లుడి చేత కూడా ప్రమాణం చేయించారు. మనుషుల్లేక!

మాలకీ, డెక్లన్, నోరా, ఆనంద్. మొత్తం సంఘం అంతే.

ఆ నలుగురి కోసం కూడా సర్కారువాళ్ళు ఒక నిఘా వ్యాను పెట్టారు. "మీ ఆవిడా ప్రమాణం చేసింది," అన్నాడు వాళ్ళ ఆఫీసరు కిందటేడు. "ఆమె జైలుకెళ్ళాలా, నువ్వు మాకు చెవులివ్వాలా?"

ఆనంద్ చెవులిచ్చాడు. నోరా కోసం. కేవలం నోరా కోసం.

"కూర్చో," అంటాడు డెక్లన్.

ఆనంద్ కూర్చుంటాడు. వంటింట్లో నీళ్ళు మరుగుతున్న చప్పుడు. నోరా టీ పెడుతోంది. ఆస్పత్రి డ్యూటీ నుంచి వచ్చి తండ్రిని ఇలా చూసింది. ఇంకా ఏడవలేదు.

"ఎనిమిదింటికి నేనొచ్చాను," అంటాడు డెక్లన్. "తలుపు తీసే ఉంది. మాలకీ మెట్ల దగ్గర పడున్నాడు. అప్పటికే ఒళ్ళు చల్లబడింది. ఎవడో మనలోవాడే కొట్టాడు. మనల్ని అమ్మేస్తున్నవాడు... నువ్వు అయిదింటికి ఆఫీసు వదిలావు. నేను ఫోన్ చేసి కనుక్కున్నాను. ఎనిమిది దాకా ఎక్కడున్నావు?"



ఎక్కడున్నాడు? వీధి చివర వ్యానులో! ఈ రాత్రి మీటింగ్ కోసం ఒంటికి మైకు అంటించుకుంటున్నాడు. తను హంతకుడు కాదనడానికి ఉన్న ఒకే ఒక్క సాక్ష్యం, తనని చంపించే సాక్ష్యం. ఎటు చూసినా గోడే.

వ్యానులో అంతా వింటున్నారు. అయినా రారు. "తుపాకీ పేలితే తప్ప మేం లోపలికి రాం," అని ఆఫీసరు ముందే తేల్చేశాడు.

"షాపింగ్‌కి వెళ్ళానంకుల్."

"ఏం కొన్నావు?"

ఆనంద్ తన ఖాళీ చేతుల కేసి చూస్తాడు.

డెక్లన్ పిస్టల్ ఎత్తుతాడు. ఆనంద్ చూపు తప్పించుకుని గోడ మీదికి పోతుంది.

గోడ గడియారం ఆగిపోయి ఉంది.

అయిదూ ఇరవై అయిదు.

నోరా తల్లి పోయినప్పుడూ ఇలాగే ఆపారు. మనిషి ప్రాణం పోయిన నిమిషం దగ్గర ముల్లు ఆపేస్తారు. ఖననం అయ్యాకే మళ్ళీ నడిపిస్తారు. వీళ్ళ ఆచారం. పెళ్ళయిన కొత్తలో మాలకీయే దగ్గర కూర్చోబెట్టుకుని చెప్పాడు.

ఆనంద్ ఆ ముళ్ళ కేసి మళ్ళీ చూస్తాడు.

"అంకుల్... గడియారం ఎవరాపారు?"

"నేనే. ఇంకెవరున్నారు చెయ్యడానికి? నలభై ఏళ్ళ స్నేహితుడు. ఆ మర్యాదైనా చెయ్యొద్దూ?"

"మీరొచ్చింది ఎనిమిదింటికి కదా."

"అవును."

"అప్పటికే ఒళ్ళు చల్లబడింది."

"అవునన్నానుగా!"

"మరి అయిదూ ఇరవై అయిదుకి పోయాడని మీకెవరు చెప్పారు?"



డెక్లన్ మెల్లగా గడియారం కేసి తిరుగుతాడు. తన చెయ్యే తనని పట్టించిందని అప్పుడు అర్థమవుతుంది. చిన్నప్పట్నుంచి అలవాటైన చెయ్యి. ఆలోచించకుండా ఆపేసింది.

"మూసేద్దాం అన్నాడు," అంటాడు డెక్లన్. "సంఘాన్ని మూసేద్దాం, రేపు మనవళ్ళు పుడితే వాళ్ళతో చేపలు పట్టుకుందాం అన్నాడు. పెళ్ళి లేదు, పిల్లల్లేరు నాకు. సంఘం తప్ప ఏముంది? తోశాను. అంతే... మెట్ల మీంచి..."

ఏడుస్తూనే పిస్టల్ ఆనంద్ నుదుటికి ఆనిస్తాడు.

"నువ్వే చంపావని నోరా నమ్ముతుంది."

ఆనంద్ కళ్ళు మూసుకుంటాడు.

ఢాం!

నొప్పి లేదు...

కళ్ళు తెరుస్తాడు. కింద డెక్లన్. వంటింటి గుమ్మంలో నోరా. చేతిలో, వంటింటి సొరుగులో ఎప్పుడూ ఉండే తండ్రి పిస్టల్. అంతా వింది!

"ఆనంద్..."

పరుగున వచ్చి అతన్ని వాటేసుకుంటుంది. ఇప్పుడు ఏడుస్తోంది. వెక్కి వెక్కి ఏడుస్తోంది. "నిన్ను కూడా పోగొట్టుకునేదాన్ని," అంటుంది. ఆమె చెయ్యి అతని వీపు నిమురుతోంది.

చెయ్యి ఆగుతుంది.

వేళ్ళు చొక్కా మీద నుంచే ప్లాస్టర్‌ని తడుముతాయి. దాని కింద వైరుని. నడుము దగ్గర చిన్న పెట్టెని.

ఒక్కడుగు వెనక్కి వేస్తుంది.

"నోరా... నువ్వు జైలుకెళ్ళకూడదనే నేను..."



ఇప్పుడే ఒక మనిషిని చంపింది నోరా. ఆ చప్పుడు ఈ మైకులోంచే వ్యానుకి వెళ్ళింది.

"ఎవరు వింటున్నారు ఆనంద్?"

కిటికీ పరదా మీద హెడ్‌లైట్ల వెలుగు పడుతుంది. బయట మంచులో బూట్లు పరుగెడుతున్నాయి.